బరువు తగ్గాలంటే పొద్దున టిఫిన్ మానేయవచ్చా?

ప్రశ్న: నా వయసు 38. ఖమ్మంలో ఒక ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు, బరువు 71 కిలోలు. మా పిన్ని కూతురు చెబితే రెండు నెలల క్రితం పొద్దున టిఫిన్ మానేశాను. ఆరింటికి థైరాయిడ్ మాత్ర వేసుకుని వెంటనే టీ తాగుతాను. స్కూల్లో పదిన్నరకు ఇంకో టీ, నాలుగు క్రీమ్ బిస్కెట్లు. ఒకటిన్నరకు క్యారేజీ. మొదటి పది రోజుల్లో రెండు కిలోలు తగ్గాను, ఆ తర్వాత బరువు కదలడం లేదు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఆకలికి ఆగలేక బజ్జీలో పునుగులో తినేస్తాను. రాత్రి భోజనం తొమ్మిదిన్నరకు. టిఫిన్ మానేస్తే అల్సర్ వస్తుందని మా అత్తయ్య రోజూ కేకలేస్తున్నారు. మా వారికి ఆరేళ్ళుగా షుగర్, రోజూ మాత్రలు వేసుకుంటారు. ఆయన కూడా నాతో పాటు మానేస్తానంటున్నారు. ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయి నన్ను చూసి ఏమీ తినకుండానే స్కూలుకు వెళ్ళిపోతోంది. టిఫిన్ మానేయడం మంచిదా కాదా, ఒక్క మాటలో చెప్పండి. – ఒక సోదరి, ఖమ్మం

సమాధానం: ఒక్క మాటలో చెప్పమన్నారు గానీ, మీ ఉత్తరంలో ముగ్గురున్నారు. ముగ్గురికీ ఒకే మాట పనికిరాదు. మీ వారు డాక్టర్‌ని అడగకుండా ఒక్క పూట కూడా మానకూడదు. మీ అమ్మాయి అసలు మానకూడదు. మీరు మానేసినా ప్రమాదమేమీ లేదు, కానీ ఇప్పుడు మానేస్తున్న పద్ధతిలో లాభం కూడా లేదు. ఎందుకో చెబుతాను.

ముందు మీ లెక్క చూద్దాం. ఇదివరకు ఏం టిఫిన్ తినేవారో మీరు రాయలేదు. చాలా ఇళ్ళలో లాగే మూడు ఇడ్లీలు, పల్లీ చట్నీ అనుకుందాం. మామూలు సైజు ఇడ్లీ ఒక్కోటి 60 నుంచి 70 క్యాలరీలు. రెండు పెద్ద చెంచాల చట్నీ కలిపితే మొత్తం 280 దాకా వస్తుంది. ఇప్పుడు పదిన్నరకు స్కూల్లో తీసుకుంటున్నది చూడండి. చిక్కటి పాలు, రెండు చెంచాల చక్కెరతో కప్పు టీ సుమారు 100 క్యాలరీలు. క్రీమ్ బిస్కెట్ ఒక్కోటి 45 నుంచి 50 ఉంటుంది, నాలుగంటే 190 దాకా. రెండూ కలిపితే 290. అంటే ఎనిమిదింటికి తినాల్సింది తినకుండా, దాదాపు అంతే మోతాదును రెండున్నర గంటలు ఆగి మైదా, చక్కెర, పామాయిల్ రూపంలో తింటున్నారు. ఇడ్లీలో కనీసం మినప్పప్పు ఉంది, చట్నీలో పల్లీలున్నాయి. బిస్కెట్లలో కడుపు నిలబెట్టేది ఏమీ లేదు. అందుకే పదకొండున్నరకే మళ్ళీ ఆకలి మొదలై ఉంటుంది.

ఇక సాయంత్రం. పొద్దుటి నుంచి గట్టిగా తిన్నది ఒక్క మధ్యాహ్నం క్యారేజీనే. గంటల తరబడి నిలబడి పాఠాలు చెప్పి, ఐదింటికి ఇంటికొచ్చేసరికి ఆకలితో పాటు అలసట కూడా ఉంటుంది. ఆ సమయంలో బండి మీద వేడి వేడి మిర్చీ బజ్జీలు కనిపిస్తే ఆగలేకపోవడం మీ మనసు బలహీనత కాదు, అలా అనుకుని మిమ్మల్ని మీరు తిట్టుకోకండి. ఆకలి అంతలా పేరుకుపోతే ఎవరైనా అంతే చేస్తారు. కాకపోతే మూడు బజ్జీల ప్లేటు 300 క్యాలరీలు సులువుగా దాటుతుంది. నూనె గ్రాముకి 9 క్యాలరీలు, శనగపిండి నూనెను బాగా పీల్చుకుంటుంది. పైగా ఆ బజ్జీలు తినడం వల్లే రాత్రి తొమ్మిదిన్నర దాకా ఆకలి వేయదు. అప్పుడు అన్నం పెట్టుకుని తిని, గంటలో పడుకుంటారు. పొద్దున లేచేసరికి రాత్రి తిన్నదే ఇంకా బరువుగా ఉంటుంది కాబట్టి టిఫిన్ మీద ఆసక్తి ఉండదు. ‘నాకు పొద్దున ఆకలే వేయదు’ అనేవాళ్ళలో చాలామంది పరిస్థితి ఇదే. రాత్రి భోజనం ఏడున్నరకు జరిపితే వారం తిరక్కుండానే పొద్దున ఆకలి మొదలవుతుంది.

మరి మొదట్లో తగ్గిన ఆ రెండు కిలోలు ఏమిటంటారా? అందులో ఎక్కువ భాగం నీరు. మన కాలేయంలోనూ కండరాల్లోనూ పిండిపదార్థం గ్లైకోజెన్ అనే రూపంలో నిల్వ ఉంటుంది. ప్రతి గ్రాము గ్లైకోజెన్ తనతో పాటు సుమారు 3 గ్రాముల నీటిని పట్టుకుని ఉంటుంది. తిండి హఠాత్తుగా తగ్గిస్తే ముందు ఆ నిల్వ ఖర్చవుతుంది, దాంతో నీరూ పోతుంది. తూకంలో ఆ తేడా కనిపించి సంతోషపడతాం. కొవ్వు మాత్రం అంత తొందరగా కరగదు. వారానికి అర కిలో తగ్గితే అది మంచి వేగం. అందుకే మొదటి పది రోజులు చూసి ఏ డైట్‌కీ మార్కులు వేయకూడదు.

టిఫిన్ మానితే బరువు పెరుగుతారని, తింటేనే తగ్గుతారని మనం ఏళ్ళ తరబడి విన్నాం. పొద్దున రాజులా తినాలన్న మెసేజ్ మీ ఫోన్‌కు కూడా వచ్చే ఉంటుంది. ఆ మాటకు ఆధారం లేకపోలేదు. అమెరికాలో బాగా బరువు తగ్గి, తగ్గిన బరువును నిలుపుకున్నవాళ్ళ వివరాలు 1994 నుంచి ఒక జాబితాలో నమోదు చేస్తున్నారు. 2002లో వాళ్ళను పరిశీలిస్తే 78 శాతం మంది రోజూ పొద్దున తింటున్నామని చెప్పారు. కానీ వాళ్ళు పొద్దున తినడం వల్లే తగ్గారా, లేక అన్ని విషయాల్లోనూ క్రమశిక్షణ ఉన్నవాళ్ళు కాబట్టి పొద్దున కూడా వేళకు తింటున్నారా అన్నది అలాంటి లెక్కలతో తేలదు. రోజూ టిఫిన్ తినేవాళ్ళు వేళకు పడుకుంటారు, వ్యాయామం చేస్తారు, సిగరెట్ తక్కువ తాగుతారు. ఘనత మాత్రం టిఫిన్‌కు దక్కింది.

ఆ సంగతి తేల్చాలంటే కొందరిని తినమని, కొందరిని మానమని లాటరీ పద్ధతిలో విడదీసి చూడాలి. అలాంటి పరీక్షలు చాలానే జరిగాయి. ఆస్ట్రేలియాలోని మొనాష్ విశ్వవిద్యాలయం వాళ్ళు 13 పరీక్షల ఫలితాలను కలిపి 2019లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించారు. పొద్దున తిన్నవాళ్ళు రోజు మొత్తంలో సగటున 260 క్యాలరీలు ఎక్కువే తిన్నారు. మానినవాళ్ళ బరువు సగటున 0.44 కిలో తక్కువ ఉంది. అంటే తేడా అర కిలో కూడా లేదు. పొద్దున మానినవాళ్ళు మధ్యాహ్నం విపరీతంగా తినేస్తారన్న భయం కూడా ఆ పరీక్షల్లో నిజం కాలేదు. అయితే ఆ పరీక్షల్లో చాలావరకు కొద్ది వారాలే నడిచాయి, జరిగింది కూడా ధనిక దేశాల్లో. వాళ్ళ సాయంత్రాలు వేరు, మన బజ్జీల బండి వేరు. అందుకని నేను దీన్నుంచి తీసుకునే అర్థం ఇంతే: టిఫిన్ మానితే లావైపోరు, మానినంత మాత్రాన సన్నబడరు కూడా.

మీ పిన్ని కూతురు చెప్పిన పద్ధతికి ఈమధ్య 16:8 అన్న పేరు బాగా వినిపిస్తోంది. పదహారు గంటలు ఉపవాసం, ఎనిమిది గంటల్లోనే తిండి. దాన్ని కూడా పరీక్షించారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో 2020లో ప్రచురించిన పరిశోధనలో 116 మందిని తీసుకుని, ఒక వర్గాన్ని మధ్యాహ్నం 12 నుంచి రాత్రి 8 లోపే తినమన్నారు, ఇంకో వర్గాన్ని మామూలుగా మూడు పూటలా తినమన్నారు. ఏం తినాలో ఎంత తినాలో ఎవరికీ చెప్పలేదు. 12 వారాల తర్వాత మొదటివాళ్ళు 0.94 కిలో, రెండోవాళ్ళు 0.68 కిలో తగ్గారు. అది చెప్పుకోదగ్గ తేడా కాదు. పైగా ఉపవాసం ఉన్నవాళ్ళలో తగ్గినదాంట్లో కండ కూడా గణనీయంగా ఉంది. చైనాలోని గ్వాంగ్‌ఝౌలో 139 మందిని ఏడాది పాటు చూశారు. అక్కడ రెండు వర్గాలకూ క్యాలరీలు తగ్గించారు, ఒక వర్గం మాత్రం పొద్దున 8 నుంచి సాయంత్రం 4 లోపే తినాలి. వాళ్ళు 8 కిలోలు, మిగతావాళ్ళు 6.3 కిలోలు తగ్గారు. అది కూడా గణాంకాల ప్రకారం తేడా కింద లెక్కకు రాలేదు. రెండు వర్గాలూ తగ్గాయంటే కారణం తిండి తగ్గడమే. గడియారం పెట్టుకుని తింటే అడ్డమైనవి తినకుండా ఉండగలిగేవాళ్ళకు ఆ పద్ధతి నిజంగా ఉపయోగపడుతుంది. మీ పిన్ని కూతురు అలాంటి మనిషే అయి ఉండవచ్చు, ఆమెకు పనిచేసిందంటే నేను నమ్ముతాను.

మీకు మాత్రం పొద్దున తినడమే మంచిదని నా అభిప్రాయం. కారణం మీ సాయంత్రం ఆకలి. స్కాట్లండ్‌లోని ఎబర్డీన్ పరిశోధకులు 2022లో ఒక మంచి పరిశీలన ప్రచురించారు. 30 మందికి భోజనమంతా తామే ఇచ్చి, నాలుగు వారాలు పొద్దున ఎక్కువ, రాత్రి తక్కువ పెట్టారు. మరో నాలుగు వారాలు దాన్ని తిరగేశారు. రోజు మొత్తం క్యాలరీలు ఒకటే. బరువు రెండు పద్ధతుల్లోనూ ఒకేలా తగ్గింది. కానీ పొద్దున ఎక్కువ తిన్న రోజుల్లో ఆకలి తక్కువగా ఉందని వాళ్ళు చెప్పారు. అన్నీ కొలిచి పెట్టే చోట ఆకలి ఎంత ఉన్నా తేడా రాదు. మన ఇళ్ళలో కొలిచి పెట్టేవాళ్ళు లేరు కాబట్టి ఆకలే అసలు సమస్య. ఇంగ్లండ్‌లోని బాత్ విశ్వవిద్యాలయం పరిశోధనలో ఇంకో సంగతి బయటపడింది. పొద్దున మానినవాళ్ళ మెటబాలిజం, అంటే ఒళ్ళు తిండిని శక్తిగా ఖర్చు చేసే వేగం, ఏమీ మందగించలేదు, ఆ భయం అక్కర్లేదు. కానీ తిన్నవాళ్ళు తమకు తెలియకుండానే ఎక్కువ కదిలారు. మానినవాళ్ళు అంతగా కదలలేదు. రోజంతా నిలబడి పాఠం చెప్పే మీకు ఆ తేడా తెలుస్తూనే ఉంటుంది.

మీ అత్తయ్యగారి మాటకు వస్తే, టిఫిన్ మానడం వల్ల అల్సర్ రాదు. కడుపులో పుండు పడటానికి ముఖ్య కారణాలు రెండు. ఒకటి హెలికోబాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా. దాన్ని కనిపెట్టినందుకు ఆస్ట్రేలియా డాక్టర్లు బారీ మార్షల్, రాబిన్ వారెన్‌లకు 2005లో నోబెల్ బహుమతి వచ్చింది. రెండోది నొప్పి మాత్రలు అదేపనిగా వాడటం. అయితే ఆవిడ భయాన్ని పూర్తిగా కొట్టిపారేయకండి. పరగడుపున చిక్కటి టీ తాగి, మధ్యాహ్నం దాకా సరిగా తినకపోతే చాలామందికి మంట, పులితేన్పులు వస్తాయి. దాన్నే మన ఇళ్ళల్లో గ్యాస్ట్రిక్ అంటాం. అది అల్సర్ కాకపోయినా బాధే. ఇంకొకటి కూడా గుర్తుంచుకోండి. చాలా ఎక్కువసేపు కడుపు ఖాళీగా ఉంచడం, మరీ వేగంగా బరువు తగ్గడం రెండూ పిత్తాశయంలో రాళ్ళు ఏర్పడే అవకాశాన్ని పెంచుతాయి. రాళ్ళు మగవాళ్ళకంటే ఆడవాళ్ళలోనే ఎక్కువ.

ఇంతకంటే ముఖ్యమైన సంగతి మీ ఉత్తరంలో దాదాపు దాక్కుని ఉంది. ఆరింటికి థైరాయిడ్ మాత్ర, ‘వెంటనే టీ’ అని రాశారు. ఆ మాత్ర పరగడుపున మంచినీళ్ళతో వేసుకుని, కనీసం అరగంట, వీలైతే గంట ఆగాకే టీ అయినా టిఫిన్ అయినా తీసుకోవాలి. పాలు, టీ, కాఫీ మాత్రను సరిగా ఒంటికి పట్టనివ్వవు. ఐరన్, క్యాల్షియం మాత్రలుంటే వాటికీ దీనికీ నాలుగు గంటల తేడా ఉండాలి. మాత్ర వేసుకుంటున్నా సగం వృథా అయితే థైరాయిడ్ అదుపులో ఉండదు. అప్పుడు నీరసం, ఒళ్ళు బరువు, మలబద్ధకం, బరువు తగ్గకపోవడం అన్నీ ఉంటాయి. రేపటి నుంచే టీని ఏడింటికి జరపండి. అలా ఆరు నుంచి ఎనిమిది వారాలు గడిచాక టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ రక్తపరీక్ష చేయించి డాక్టర్‌కు చూపించండి. మాత్ర సరిగా పడితే మోతాదు కూడా మార్చాల్సి రావచ్చు, అందుకే ఆ పరీక్ష తప్పనిసరి.

ఇప్పుడు ఏం తినాలి. మీ బీఎంఐ, అంటే ఎత్తుకు తగ్గ బరువు ఉందా అని చూసే లెక్క, 28.6. మన భారతీయులకు 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం కింద లెక్క. నడుము చుట్టుకొలత ఆడవాళ్ళకు 80 సెంటీమీటర్లు దాటకూడదు. ఇది విని బెంగపడకండి. 71 నుంచి 66 కిలోలకు వచ్చినా రక్తపోటు, షుగర్, మోకాళ్ళ నొప్పి అన్నిట్లో మేలు కనిపిస్తుంది. మొదటి లక్ష్యం అది చాలు.

పొద్దున తినే టిఫిన్‌లో ప్రొటీన్ ఉండాలి, నూనె తక్కువ ఉండాలి. మన టిఫిన్లన్నీ మంచివని నేను అనను. నాలుగు పూరీలు, ఆలూ కూర తిని ‘టిఫిన్ తినమన్నారుగా’ అంటే మానేయడమే నయం. నెయ్యి కారం దోశ, మైసూర్ బజ్జీ, ఉల్లి వడ ఎప్పుడో ఒకసారి తినేవి, బరువు తగ్గేటప్పుడు రోజూ తినేవి కావు. ఉప్మా మన ఇళ్ళలో పొద్దున పనిలో తేలికని చేస్తారు గానీ, రవ్వ తప్ప అందులో ఏమీ ఉండదు. ఉప్మా చేసిన రోజు గుప్పెడు పల్లీలు, బఠాణీలు, క్యారెట్, బీన్స్ వేసి, పక్కన ఒక ఉడికించిన గుడ్డు పెట్టుకోండి. గుడ్డులో 70 నుంచి 75 క్యాలరీలే ఉంటాయి, 6 గ్రాముల ప్రొటీన్ వస్తుంది.

మీలాంటి ఉద్యోగస్తులకు నేను మొదట చెప్పేది పెసరట్టు. రాత్రి పెసలు నానబోస్తే చాలు, పులియబెట్టే పని లేదు. పొద్దున మిక్సీలో పది నిమిషాల పని. పెసల్లో 100 గ్రాములకు 23, 24 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది, బియ్యంలో దానిలో మూడో వంతు. పెనం మీద ఒక చెంచా నూనెతో రెండు పెసరట్లు వేసుకుని అల్లం పచ్చడితో తింటే ఒంటి గంట దాకా బిస్కెట్ల వైపు చూడరు. అందులో ఉప్మా మాత్రం పెట్టకండి. అల్లం పచ్చడిలో బెల్లం తగ్గించుకోండి. పెసరట్టు కుదరని రోజు రెండు ఇడ్లీలు, రెండు గుడ్లు. లేదా రాత్రి మిగిలిన జొన్నరొట్టె, పప్పు. లేదా ఉడికించిన శనగలో అలసందలో గుగ్గిళ్ళు చేసి, ఉల్లిపాయ, నిమ్మరసం పిండుకుని ఒక కప్పు. రాగి జావ మంచిదే కానీ ఉత్త జావ తాగితే రెండు గంటల్లో ఆకలేస్తుంది. బెల్లం వేసుకోకుండా మజ్జిగ కలుపుకుని తాగి, దానితో ఒక గుడ్డో గుప్పెడు వేయించిన పల్లీలో తినండి. చద్దన్నం గురించి కూడా చాలామంది అడుగుతున్నారు. మజ్జిగ పోసి రాత్రంతా ఉంచిన అన్నం కడుపుకు హాయిగానే ఉంటుంది. కానీ అది అన్నమే, ఆ క్యాలరీలు ఎక్కడికీ పోవు. ఒక కప్పు తీసుకుని పెరుగు ఎక్కువ కలుపుకోండి.

పదిన్నర టీ మానమని అనను. స్టాఫ్‌రూమ్‌లో అందరితో కూర్చుని తాగే ఆ పది నిమిషాలు మీకు అవసరం. చక్కెర ఒక చెంచాకు తగ్గించండి, తర్వాత అరకు. బిస్కెట్ల ప్యాకెట్ మీ ముందుకు వచ్చినప్పుడు తీసుకోవడానికి మీ బ్యాగులో ఒక జామకాయ ఉండాలి. మధ్యాహ్నం క్యారేజీలో అన్నం కంటే కూర ఎక్కువ ఉండేలా సర్దుకోండి. ఐదింటికి ఇంటికి చేరగానే తినడానికి ఒక కప్పు మజ్జిగ, గుప్పెడు వేయించిన శనగలు ముందే పెట్టుకోండి. అవి తిన్నాక వంటలోకి దిగండి. ఏడున్నర, ఎనిమిదికల్లా భోజనం అయిపోవాలి. ఇంటిల్లిపాదీ తొమ్మిదిన్నరకు తినే అలవాటున్న ఇంట్లో ఇది కష్టమని తెలుసు. మీ వారు ఆలస్యంగా వచ్చే రోజుల్లో ఆయన కోసం ఆగకుండా మీరు తినేయండి, ఆయన వచ్చాక పక్కన కూర్చుని కబుర్లు చెప్పండి. ఇంట్లో ఎవరూ తప్పుపట్టకుండా చూసుకోవాల్సింది ఆయనే, ఈ పేరా ఆయనకు చదివి వినిపించండి.

ఇంకో చిన్న లెక్క. మీ ఇంట్లో నెలకు ఎంత నూనె వాడుతున్నారో ఒకసారి చూడండి. లీటరు నూనెలో దాదాపు 8,200 క్యాలరీలుంటాయి. నలుగురున్న ఇంట్లో నెలకు ఐదు లీటర్లు అయిపోతుంటే, ఒక్కొక్కరికి రోజుకు 340 క్యాలరీలు నూనె నుంచే వస్తున్నాయి. అది మీరు మానేసిన టిఫిన్ కంటే ఎక్కువ. దాన్ని మూడు లీటర్లకు తెస్తే ఏ పూటా మానకుండానే మనిషికి రోజుకు 130 క్యాలరీలకు పైగా తగ్గుతాయి. పోపులో తేడా మొదటి వారం నాలుకకు తెలుస్తుంది, తర్వాత అలవాటైపోతుంది. నడక వారానికి ఐదు రోజులు, రోజూ అరగంట, మాట్లాడగలిగేంత వేగంతో. కండ పోకుండా ఉండాలంటే వారానికి రెండు రోజులు కుర్చీలోంచి లేచి కూర్చోవడం, గోడకు చేతులానించి తోయడం లాంటివి ఇంట్లోనే చేసుకోవచ్చు.

ఇక మీ వారి సంగతి. ఆయన ఏ మాత్రలు వాడుతున్నారో మీరు రాయలేదు, ఆ పేరు మీద చాలా ఆధారపడి ఉంటుంది. గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటి మాత్రలు గానీ ఇన్సులిన్ గానీ వాడుతూ టిఫిన్ మానేస్తే షుగర్ 70 కంటే కిందికి పడిపోయే ప్రమాదం ఉంది. చెమటలు, చేతుల వణుకు, గుండెదడ, కళ్ళు తిరగడం, మాట తడబడటం దాని గుర్తులు. బండి నడిపే సమయంలో అది వస్తే ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు. అలా అయితే వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగించాలి, పావుగంట తర్వాత మళ్ళీ షుగర్ చూడాలి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర ఒక్కదాని మీదే ఉంటే ఇలా పడిపోవడం అరుదు. కానీ అక్కడ కూడా ఇంకో సమస్య ఉంది. ఇజ్రాయెల్, వెనెజ్వెలా పరిశోధకులు షుగర్ ఉన్న 22 మందిని పరిశీలించి 2015లో ప్రచురించారు. పొద్దున మానిన రోజు, అదే మధ్యాహ్న భోజనం తిన్నా షుగర్ మూడో వంతుకు పైగా ఎక్కువ పెరిగింది. రంజాన్ నెలలో ఉపవాసం ఉండాలనుకునే షుగర్ పేషెంట్లకు డాక్టర్లు ముందుగానే మాత్రల మోతాదు, వేళలు మారుస్తారు. మీ వారు కూడా తిండి వేళలు మార్చాలనుకుంటే అదే పద్ధతి, ముందు డాక్టర్, తర్వాతే మార్పు. ఆయన బరువు తగ్గడం మాత్రం చాలా మంచిది. బ్రిటన్‌లో 2017లో వెలువడిన డైరెక్ట్ అనే పరిశోధనలో, ఆరేళ్ళలోపు షుగర్ వచ్చినవాళ్ళు డాక్టర్ల పర్యవేక్షణలో బాగా బరువు తగ్గితే, ఏడాది తిరిగేసరికి 46 శాతం మందికి మందులు లేకుండానే షుగర్ అదుపులోకి వచ్చింది. అక్కడ మొదటి రోజే షుగర్ మందులు ఆపింది డాక్టర్లు, పేషెంట్లు కాదు.

మీ అమ్మాయి గురించి కాస్త గట్టిగా చెబుతాను. పదమూడేళ్ళ పిల్ల రాత్రి తొమ్మిదిన్నరకు తిని, పొద్దున ఏమీ లేకుండా స్కూలుకు వెళ్ళి, మధ్యాహ్నం ఒంటి గంటకు డబ్బా తెరుస్తోందంటే పదిహేను గంటలకు పైగా ఖాళీ కడుపు. పెద్దవాళ్ళ మీద చేసిన ఏ పరిశోధనా ఆ వయసుకు వర్తించదు. ఎత్తు పెరిగేది, ఎముక గట్టిపడేది, నెలసరి మొదలై రక్తం పోయేది ఇప్పుడే. తమిళనాడు 2022లో, తెలంగాణ 2023లో ప్రభుత్వ బడి పిల్లలకు ప్రత్యేకంగా పొద్దుటి టిఫిన్ పథకాలు మొదలుపెట్టాయి. బడిలో పాఠం వినాలంటే కడుపులో ఏదో ఒకటి ఉండాలన్నది టీచర్‌గా మీకు నేను చెప్పాల్సిన పని లేదు.

ఆ పిల్ల మిమ్మల్ని చూసి మానేసింది, మిమ్మల్ని చూసే మళ్ళీ మొదలుపెడుతుంది. ‘నువ్వు తిను, నేను తినను’ అంటే ఆ వయసులో ఎవరూ వినరు. ఇద్దరూ ఏడున్నరకు ఒకే చోట కూర్చుని ఒకే పెసరట్టు తినండి. ఆ పిల్ల ముందు మీ బరువు గురించి, లావు గురించి మాట్లాడటం పూర్తిగా ఆపేయండి. ‘లావైపోయాను, ఛీ’ లాంటి మాట తల్లి నోట విన్న ఆడపిల్ల తన ఒంటిని కూడా అదే కళ్ళతో చూసుకుంటుంది. తను సన్నబడాలనుకుంటోందా, లేక క్లాసులో ఎవరైనా ఏమైనా అన్నారా, నెమ్మదిగా అడిగి తెలుసుకోండి. రోజుల తరబడి తిండి మానడం, తిన్నాక వాంతి చేసుకోవడం, అదేపనిగా తూకం చూసుకోవడం గమనిస్తే పిల్లల డాక్టర్‌కు గానీ మానసిక వైద్యులకు గానీ చూపించడానికి ఆలస్యం చేయకండి.

పాలు వద్దంటే పాలే తాగాలని పట్టుబట్టక్కర్లేదు. గుడ్డు, అరటిపండు, పల్లీ పట్టీ, పెరుగన్నం, నువ్వుల లడ్డు, రాత్రి చేసిన చపాతీలో పప్పు చుట్టి ఇచ్చినా సరే. ఆటోలో కూర్చుని తినేదైనా ఫర్వాలేదు. టీ మాత్రం ఇవ్వకండి, తిండితో పాటు టీ తాగితే ఐరన్ ఒంటికి సరిగా పట్టదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019–21 లెక్కల్లో దేశంలో 15 నుంచి 19 ఏళ్ళ ఆడపిల్లల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉంది. మీ టీఎస్‌హెచ్ పరీక్షకు వెళ్ళిన రోజే ఆమెకు కూడా హిమోగ్లోబిన్ చూపించండి. 12 కంటే తక్కువ ఉంటే డాక్టర్ చెప్పిన మోతాదులో ఐరన్ మాత్రలు మొదలుపెట్టండి, అవి వేసుకున్నప్పుడు నిమ్మరసమో జామకాయో ఇవ్వండి.